నందికొండ కింది తోటల్ని ఎవరూ ఎవరికీ ధారపొయ్యలేదు

చిక్కబళ్ళాపురం ద్రాక్షతోటలు ఒకప్పుడు అచ్చమైన తెలుగు గడ్డ అట. 1956లో మన నాయకుల చేతకానితనంవల్ల అవి కన్నడిగుల పాలయ్యాయట. అప్పటినుంచి అక్కడి తెలుగువాళ్ళని ఒక పద్ధతి ప్రకారం తుడిచిపెట్టుకొస్తున్నారట. మిగిలిన కాస్తనీ ఇప్పుడు వైన్ కంపెనీలూ ఉత్తరాది కూలీలూ కలిసి మింగేస్తున్నారట. సాకేత్‌లో ఢిల్లీ తెలుగువాళ్ళం కలుసుకున్న ఒక సాయంత్రం చేతికొచ్చిన కరపత్రంలోని మాటలివి. నాలుగు పేజీలు, రాసినవాళ్ళ పేరు లేదు. చదివిన పెద్దలు చాలామంది తల ఊపారు. ఒకాయన అయితే పార్లమెంటులో ప్రశ్న వేయించాలని అక్కడికక్కడే అన్నారు.

అది పార్లమెంటుదాకా పోకముందే ఈ జవాబు రాయాలనిపించింది. మా అమ్మ పుట్టిల్లు అక్కడి గౌరిబిదనూరు తాలూకా. ఆ ఊళ్ళ గురించి ఢిల్లీలో కూర్చుని ఎవరేది రాసినా చెల్లుతుందనుకుంటే, దాని ఫలితం అనుభవించేది అక్కడ ద్రాక్షపందిరి కింద పనిచేసుకునేవాళ్ళు. కన్నడ పత్రికల్లో ఈ కరపత్రం గురించి ఒక్క ముక్క వచ్చిందంటే, బాగేపల్లి సంతలో తెలుగులో బేరమాడే మనిషిని అనుమానంగా చూసేవాళ్ళు మర్నాటికే తయారవుతారు.

ముందు 1956 సంగతి చూద్దాం. చిక్కబళ్ళాపురం 2007లో వేరే జిల్లా అయ్యేదాకా కోలారు జిల్లాలోనే ఉంది. ఆ కోలారు 1799లో టిప్పు పతనమయ్యాక మైసూరు సంస్థానంలోకి వచ్చి, సంస్థానం పోయేవరకూ అందులోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది మద్రాసు జిల్లాలతో. మద్రాసుది కాని కోలారు ఆ పంపకంలోకి వచ్చే ప్రశ్నే లేదు. ఆనాడు నిజంగా చీలింది బళ్ళారి జిల్లా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరుకు పోయింది. దానిమీద రెండు వైపులా కోపాలున్నాయి, అవి అర్థం చేసుకోదగ్గవి. బళ్ళారి కోపాన్ని తెచ్చి చిక్కబళ్ళాపురానికి అంటగట్టడం మాత్రం తప్పు. 1956 నవంబరు 1న రాష్ట్రాల హద్దులు మళ్ళీ గీసినప్పుడు కోలారు ఎక్కడుందో అక్కడే ఉండిపోయింది. మన చేతిలో లేనిదాన్ని మనం పోగొట్టుకున్నామనడం ఎలా కుదురుతుంది?

హద్దుకు ఇటువైపు సంగతి కరపత్రం ఎత్తనేలేదు. మడకశిర ఆంధ్రలో ఉంది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడ ఇంట్లో కన్నడం మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పావగడ తుమకూరు జిల్లాలో ఉంది, దాని చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర భూమే, అక్కడ వినిపించేది ఎక్కువగా తెలుగు. ఎక్కడ గీత గీసినా అవతల కొందరు మిగిలిపోయేలా ఆ నేల ఎన్నో తరాలుగా కలిసిపోయి ఉంది. పెన్నేటిని చూడండి. నందికొండల్లో పుట్టి, గౌరిబిదనూరు దాటి, హిందూపురం వైపు మన జిల్లాల్లోకి వస్తుంది. అక్కడే పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి వస్తుంది. ఈ నీళ్ళ గురించి మద్రాసూ మైసూరూ 1892లోనే ఒప్పందం రాసుకున్నాయి. నీళ్ళకు తగాదా ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ తగాదా పై ఊరికీ కింది ఊరికీ మధ్య. బాగేపల్లి దగ్గర చిత్రావతి మీద పరగోడు ఆనకట్ట కట్టబోతే అనంతపురం రైతులు అడ్డం చెప్పారు. ఆ ఆనకట్ట నీళ్ళకోసం చూసిన బాగేపల్లి రైతుల్లోనూ తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువ. కరపత్రం లెక్కలో ఈ తగాదా ఎక్కడ ఇముడుతుంది?

ఇక "అచ్చమైన తెలుగు గడ్డ" అన్న మాట. ఆ ప్రాంతాన్ని పాతవాళ్ళు మొరసునాడు అనేవారు. బెంగుళూరు చుట్టుపక్కలనుంచి కోలారు, కృష్ణగిరి, మన చిత్తూరు, అనంతపురం అంచులదాకా పరుచుకున్న ఎర్రనేల, రాతిగుట్టల సీమ. మొరసు ఒక్కలిగల్లో ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళున్నారు, తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. పెళ్ళి కుదిర్చేటప్పుడు వాళ్ళు చూసేది కులం, శాఖ, గోత్రం. దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం కోటల్ని ఏలిన ఆవతి ప్రభువులు ఈ కులస్తులే. తమ పెద్దలు కంచి వైపునుంచి వచ్చారని వాళ్ళే చెప్పుకున్నారు. బెంగుళూరు కట్టిన కెంపేగౌడ కూడా ఈ కులంవాడే. ఆయన పేరున ఉన్న యక్షగానం 'గంగాగౌరీ విలాసం' తెలుగులో ఉంది. కన్నడ రాజధాని కట్టినాయన తెలుగులో యక్షగానం చెప్పడం ఆ సీమలో వింత కాదు.

చింతామణి తాలూకాలో కైవారం ఉంది. గాజులమ్ముకుంటూ తిరిగి, ఆ తర్వాత యోగి అయిన నారేయణ తాతయ్య ఊరది. 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని భక్తులు చెబుతారు. ఆయన కీర్తనలు తెలుగులోనూ ఉన్నాయి, కన్నడంలోనూ ఉన్నాయి. ఇప్పటికీ ఆ తెలుగు కీర్తనల్ని కన్నడ లిపిలో అచ్చువేసిన పుస్తకం పట్టుకుని పాడతారు. ఏ ఒక్క భాషవాళ్ళో తాతయ్య మావాడని లాక్కుపోవాలంటే ఆయన పాటల్లో సగం వదులుకోవాల్సి వస్తుంది.

నందికొండ పాదం దగ్గర ముద్దేనహళ్ళి, చుట్టూ ద్రాక్షతోటలే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది అక్కడే. ఇంటిపేరులో ఉన్న మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరు, వాళ్ళ పూర్వీకులు అక్కడినుంచి కదిలి వచ్చారు. ఇంట్లో తెలుగు. మైసూరు దివానుగా ఆయన కట్టించిన కన్నంబాడి ఆనకట్ట కన్నడ నేలను తడిపింది. హైదరాబాదుకు వరద గండం తప్పించే పథకం వేసిందీ ఆయనే. కరపత్రం రాసినవాళ్ళు ఆయన్ని ఏ పట్టికలో వేస్తారో నాకు తెలియదు. "అచ్చమైన" అన్న ఆ ఒక్క మాట తీసేస్తే చాలు, కరపత్రంలో సగం దానంతటదే పడిపోతుంది.

ఇంతకు పూర్తిగా ఎదురైన వాదన కన్నడం వైపు కూడా ఉంది, దాన్నీ వదిలిపెట్టకూడదు. బోరుబావులు వచ్చాక, ద్రాక్షలో డబ్బు కనబడ్డాక ఆంధ్రవాళ్ళు వచ్చి ఈ తాలూకాలు నింపేశారని అక్కడక్కడా అంటుంటారు. బాగేపల్లి, గుడిబండ పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది బోరుబావి అన్న యంత్రం పుట్టకముందునుంచీ ఆ ఊళ్ళలో ఉన్నవాళ్ళే. అనంతపురంనుంచి పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ళని చూపించి మొత్తం జనాన్ని వలసవాళ్ళనడం చరిత్రకు ద్రోహం.

కరపత్రంలో ఒక్క సంగతి నిజం. ఆ సీమలో తెలుగు తన మాతృభాష అని రాయించుకునేవాళ్ళ వంతు తగ్గింది. బ్రిటిష్ కాలపు గెజిటీర్లు కోలారు జిల్లాలో ఎక్కువ వినిపించేది తెలుగేనని రాశాయి. 2011 జనగణనలో చిక్కబళ్ళాపురం జిల్లాలో కన్నడం మొదటి స్థానం, తెలుగు రెండోది, ఉర్దూ మూడోది. దీనినుంచి "తుడిచిపెట్టారు" అన్న నిర్ణయానికి దూకడంలోనే అసలు పొరపాటు ఉంది. మనుషులు ఎక్కడికీ పోలేదు. కోలారు ఒక్క జిల్లాగా ఉన్నప్పటి లెక్కనీ రెండుగా విడిపోయాక లెక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చడమే సరికాదు. అంతకన్నా పెద్ద కారణం బడి. మూడు తరాలుగా పిల్లలు కన్నడ బడిలో చదువుకున్నారు, కన్నడంలో పరీక్ష రాసి ఉద్యోగాలు తెచ్చుకున్నారు. రెండు భాషలూ నాలుక చివర ఉన్న మనిషి జనగణన ఉద్యోగి అడిగినప్పుడు ఏది చెబుతాడన్నది ఆ రోజు ఆ గడపలో జరిగే మాట. మా తాతయ్య ఖాతా పుస్తకం నేను చూశాను. పట్టుగూళ్ళ తూకాలు, కూలి బాకీలు, ఎరువు అప్పు, మాటంతా తెలుగు, అక్షరమంతా కన్నడం. 'సుబ్బన్నకి ఇయ్యాల్సింది' అని కన్నడ లిపిలో ఉంటుంది. ఆయన్ని లెక్కలో ఏ గడిలో వేసినా మనిషిలో సగం బయటే మిగిలిపోతాడు.

తెలుగు అక్కడ పిల్లలకు చదవడం రాయడం రాకుండా పోతోంది, అందుకు నాకు బాధే. మా మేనమామ పిల్లలు మనుమలతో తెలుగులో మాట్లాడతారు కానీ తెలుగు ఉత్తరం చదవలేరు. ఆ బాధకు మందు బళ్ళో తెలుగు ఒక భాషగా నేర్పించమని అడగడం. అంతేగానీ తెలుగు చచ్చిపోయిందని ఢిల్లీలో ప్రకటించడం కాదు. 2022 మార్చి 19న 'ఆర్ఆర్ఆర్' సినిమా విడుదలకు ముందు సభ పెట్టడానికి ఆ తెలుగు సినిమావాళ్ళు ఎంచుకున్న చోటు చిక్కబళ్ళాపురం. కర్ణాటక ముఖ్యమంత్రే వేదిక ఎక్కారు. జనం పోటెత్తారు. తెలుగు తుడిచిపెట్టిన ఊళ్ళో అలాంటి సభ పెడతారా?

ఇక ద్రాక్ష సంగతి. కరపత్రంలో అన్నిటికన్నా తెలియనితనం కనబడేది ఇక్కడే. నందికొండ చుట్టూ ఎక్కువగా పండేవి రెండు. ఒకటి బెంగుళూరు బ్లూ. నల్లటి కాయ, మందమైన తోలు, గింజ, దూరానికే ఘాటైన వాసన. అమెరికా ద్రాక్ష రక్తం ఉన్న ఇసబెల్లా జాతి. బెంగుళూరు చుట్టుపక్కల నూటయాభై ఏళ్ళుగా పండుతోంది, 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తినడానికి పోతుంది, రసానికి పోతుంది, కొంత వైన్‌కి పోతుంది. రెండోది దిల్‌ఖుష్. హైదరాబాదు తోటల్లో పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహీ నుంచి ఎంపిక చేసి తీసిన పొడుగుకాయ రకం. హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు ఇళ్ళస్థలాలకింద పోయాయి, దాని వంశం చిక్కబళ్ళాపురంలో నిలబడింది. ఈ తోటల్లో ఎక్కువ భాగం చిన్న రైతులవి. ఎకరం, రెండెకరాలు, మూడు.

వైన్ కంపెనీల కథ వేరు. కన్వల్ గ్రోవర్ ఫ్రాన్స్ నిపుణుడు జార్జ్ వెసెల్‌ని వెంటబెట్టుకుని, నందికొండకు అవతలి వైపు దొడ్డబళ్ళాపురంలో 1988లో సంస్థ పెట్టారు. వాళ్ళు వేసింది కాబెర్నే సావిన్యోన్ లాంటి ఫ్రెంచి రకాలు. 2007లో కర్ణాటక వైన్ విధానం వచ్చాక నందిలోయ అన్న పేరు సీసాలమీదికి ఎక్కింది. మంచిదే. కానీ ఆ జిల్లాలో ద్రాక్ష రైతు బతికేదీ చచ్చేదీ బజారు ధరమీద. వైన్ కంపెనీ వచ్చి పల్లెను ఖాళీ చేయించిందన్న మాట కరపత్రంలో ఉంది కానీ ఆ పల్లె పేరు మాత్రం లేదు.

నేను చూసిన తోట ఒకటి చెబుతాను. రాతి కూసాలమీద తీగె లాగి కట్టిన పందిరి, నిలబడితే తలకు గుత్తులు తగిలేంత ఎత్తు. కింద ఎండ చిల్లులు చిల్లులుగా పడుతోంది. కోత రోజు. రైతు భార్య కత్తెరతో గుత్తి కోసి, పగిలిన కాయల్ని గోటితో తీసేసి, కాగితం పరిచిన క్రేటులో పేరుస్తోంది. పక్కన కదిరి వైపునుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలు అదే పని. బండికి ఎత్తుతున్న కుర్రాళ్ళు బీహారువాళ్ళు. రైతు పెళ్ళాంతో తెలుగులో మాట్లాడాడు, ఫోనులో మండీవాడితో కన్నడంలో గొడవపడ్డాడు, కుర్రాళ్ళకు వచ్చీరాని హిందీలో చెప్పాడు, తూకం రాసుకోవడానికి వచ్చిన శిడ్లఘట్ట సాయిబుతో దక్కనీలో పలకరించాడు. నీళ్ళ గురించి అడిగాను. "వెయ్యిన్ని మున్నూరు అడుగులు దింపినాము సామీ, రాతిదుమ్మే వచ్చె. ఆ బోరు అప్పు ఇంకా ఉండాది" అన్నాడు. తోటలో ఎవరి భాష ఏమిటని ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన దిగులంతా రెండింటిమీద, బోరు, రోడ్డు పక్క భూమి.

ఆ రెండిటి గురించి కరపత్రంలో ఒక్క వాక్యం లేదు. 2008 మేలో దేవనహళ్ళి విమానాశ్రయం తెరుచుకున్నప్పటినుంచి ఆ దారి పొడుగునా ఎకరం ధర రైతు చేతికి అందనంత పైకి పోయింది. తోట కొట్టేసి లేఅవుట్ వేస్తే వచ్చేది, పదేళ్ళు ద్రాక్ష పండించినా రాదు. దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్న హోబళిలో పదమూడు ఊళ్ళనుంచి 1,777 ఎకరాలు విమానయాన పరిశ్రమల పార్కుకు తీసుకుంటామంటే, ద్రాక్ష, పట్టు, పూలు పండించే రైతులు మూడేళ్ళకు పైగా ధర్నా చేశారు. 2025 జులైలో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ భూసేకరణ మానుకుంటున్నామని ప్రకటించారు. ఆ ధర్నాలో కన్నడం మాట్లాడే రైతూ తెలుగు మాట్లాడే రైతూ ఒకే గుడారం కింద కూర్చున్నారు. వాళ్ళ భూమి పోయి ఉంటే అక్కడికి వచ్చేది ఏ భాషవాళ్ళని అడగడంలో అర్థం లేదు, రైతే ఉండడు.

నీళ్ళు ఇంకా గట్టి దెబ్బ. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి లేదు. చెరువుల్ని తరతరాలు నమ్ముకున్నారు, తర్వాత బోరును నమ్ముకున్నారు, ఇప్పుడు బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారుకు కె.సి. వ్యాలీ పథకంలో, చిక్కబళ్ళాపురానికి హెచ్.ఎన్. వ్యాలీ పథకంలో చెరువులకు ఎత్తిపోస్తున్నారు. చిక్కబళ్ళాపురం కందవార చెరువు నిండిందంటే ఆ నీటితోనే. మూడో దశ శుద్ధి చెయ్యకుండా వదలొద్దని అక్కడి ఉద్యమకారులు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. పార్లమెంటులో ప్రశ్న వెయ్యదలిస్తే అది వెయ్యండి.

ఇక ఉత్తరాది కూలీల మాట. ఇది కరపత్రంలో అన్నిటికన్నా చెడ్డ భాగం. పల్లె పిల్లలు చదువుకుని బెంగుళూరు పోయారు. పందిరి కింద కత్తెర పట్టేవాళ్ళు లేక బయటివాళ్ళను పిలిచింది ఆ రైతులే. వచ్చినవాళ్ళు కూలికి వచ్చారు. ఒకప్పుడు కదిరినుంచి, మడకశిరనుంచి కరువు తరిమితే మనవాళ్ళు అదే తోటలకు పోయారు, ఇప్పటికీ పోతున్నారు. వాళ్ళని కన్నడ పత్రిక ఏదైనా "మింగేవాళ్ళు" అని రాస్తే ఈ సాకేత్‌లోనే ఎంత గొడవ చేసేవాళ్ళమో ఆలోచించండి.

సాకేత్‌లో ఉండేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా? ప్రెస్ ఎన్‌క్లేవ్ రోడ్డు అవతల ఖిడ్కీ ఉంది. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో, పధ్నాలుగో శతాబ్దంలో కట్టిన మసీదు ఆ ఊళ్ళో ఉంది. ఈ కాలనీలూ మాల్‌లూ కోర్టూ ఖిడ్కీ, హౌజ్ రాణీ లాంటి పల్లెల చుట్టూ పెరిగినవి. మనమందరం ఇక్కడ వచ్చినవాళ్ళమే. ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో ఆఫ్రికా దేశాలవాళ్ళు అద్దెకు దిగాక 2014 జనవరిలో ఒక అర్ధరాత్రి ఏమైందో గుర్తుంది కదా. అప్పటి ఢిల్లీ న్యాయశాఖ మంత్రే జనాన్ని వెంటేసుకుని వచ్చి ఆఫ్రికా ఆడవాళ్ళ ఇళ్ళు సోదా చెయ్యమని పోలీసుల్ని నిలదీశారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వీధిలో ఆఫ్రికా మనిషి నడిస్తే తలుపుల్లోంచి చూపులుంటాయి. "వీళ్ళు మన పేటని మార్చేస్తున్నారు" అన్న మాటతోనే అది మొదలైంది. కరపత్రం చివరి పేజీలో బీహారు కూలీలగురించి దాదాపు అదే వాక్యం ఉంది.

ద్రాక్ష పండే సరిహద్దు సీమల్లో జాతి లెక్కలు తవ్వితే ఏమవుతుందో చూడాలంటే అల్సాస్‌ని చూడండి. 1871నుంచి 1945 లోపల అది ఫ్రాన్సుకూ జర్మనీకీ నాలుగుసార్లు చేతులు మారింది. 1918లో ఫ్రాన్సు తిరిగి వచ్చాక మనుషులకు ఎ, బి, సి, డి అని నాలుగు రకాల కార్డులిచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పాత అల్సాస్‌వాళ్ళయితే ఎ, ఒకరైతే బి, జర్మన్ వంశమైతే డి. డబ్బు మార్చుకునే రేటు దగ్గరనుంచీ కార్డునుబట్టి మారిపోయింది. డి కార్డువాళ్ళని వేలల్లో రైన్ నది దాటించేశారు. ఒకే ఇంట్లో మొగుడికి ఒక కార్డు, పెళ్ళానికి ఒక కార్డు పడ్డ కుటుంబాలున్నాయి. మా తాతయ్య ఖాతా పుస్తకానికి ఏ కార్డు ఇస్తారు?

2027లో జనగణన వస్తోంది. అప్పుడు చిక్కబళ్ళాపురంలో తెలుగువాళ్ళు నిర్భయంగా తమ మాతృభాష తెలుగని చెప్పుకోగలగాలి, రెండో భాషగా కన్నడం రాయించుకోవాలి. ఆ నిర్భయం కావాలంటే "మీరు పోగొట్టుకున్న గడ్డమీద బతుకుతున్నారు" అని వాళ్ళకు ఢిల్లీనుంచి చెప్పడం ఆపాలి. కరపత్రం ఇంకా పంచుతున్నవాళ్ళని అడుగుతున్నాను, దాన్ని వెనక్కి తీసుకోండి. మన తెలుగు సంఘం డబ్బు మిగిలి ఉంటే బాగేపల్లి, గుడిబండ తాలూకాల ప్రభుత్వ బడుల్లో తెలుగు నేర్పే పంతులుకు జీతం ఇవ్వండి. ఎవరితో మాట్లాడాలో, ఏ బళ్ళో ముందు మొదలుపెట్టవచ్చో నేను చెబుతాను.